కుక్కకు చోటు, మనిషికి పూచీ

అర్ధవీడు నుంచి మొదలవుతున్న ఉద్యమానికి ప్రారంభ ప్రణాళిక

కుక్కలను పెంచేవాళ్లం, అంగళ్లు నడుపుకునేవాళ్లం, గొర్రెలు కాచేవాళ్లం, కుక్క కనబడితే సందు మార్చి నడిచేవాళ్లం కూడా కలిసి ఈ ప్రణాళిక రాస్తున్నాం. మాది నల్లమల అంచున ఉన్న అర్ధవీడు మండలం. మా మాట కంభం, బేస్తవారిపేట, గిద్దలూరు, మార్కాపురం దాకా పోవాలని మా కోరిక. పెంపుడు కుక్కను అంగట్లోకి, బజారులోకి, బస్సులోకి, ఆఫీసులోకి రానివ్వాలా వద్దా అనేది పట్నం వాళ్ల ముచ్చట అని ఇన్నాళ్లూ అనుకున్నాం. మన ఊళ్లలో ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, జవాబూ ఎవరూ చెప్పలేదు. అందుకే కుక్క అన్ని చోట్లకూ వస్తోంది. ఏ చోటా దానికి మర్యాద లేదు. అది కరిచిన రోజు నిలబడి బదులు చెప్పే మనిషీ లేడు.

పట్నంలో పెంపుడు కుక్క వేరు, వీధి కుక్క వేరు. పల్లెలో ఈ రెండిటి మధ్యరకమే ఎక్కువ. అది ఒక ఇంటి అరుగు మీద పడుకుంటుంది. ఆ ఇంటి మిగులు కూడు తింటుంది. ఆ ఇంటి పిల్లల వెంట బడి దాకా పోయి వస్తుంది. దానికి పేరుంటుంది, పిలిస్తే పలుకుతుంది. మెడకు పట్టీ మాత్రం ఉండదు, ఒంట్లో టీకా ఉండదు. రాత్రిపూట కొత్త మనిషిని చూసి మొరిగితే అది మా కుక్క. టీ అంగడి ముందు ఎవరి పిక్కనో పట్టుకుంటే మాత్రం అది ఊరకుక్క, మాకేం తెలుసు. ఈ మాట మారాలి. ఈ ఉద్యమం పుట్టింది ముందుగా దానికోసం.

అన్ని కుక్కలనూ అన్ని చోట్లకూ రానివ్వమని మేము అడగడం లేదు. ఎక్కడికీ రానివ్వకండి అని అనేవాళ్లతోనూ మేము కలవం. మా మాట ఒకటే: అంగట్లోకి రావడం మనిషికి హక్కు, కుక్కకు అనుమతి. ఆ అనుమతి ఇచ్చేది ఆ చోటును నడిపే మనిషి. దానికి అర్హత సంపాదించుకోవాల్సింది కుక్కను పెంచే మనిషి.

ఇందులో మొదటి సగాన్ని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మన రాజ్యాంగం 15వ అధికరణం రెండో భాగంలో అంగళ్ల పేరే ఎత్తి చెప్పింది. మతం, కులం, జాతి, లింగం, పుట్టిన చోటు చూసి ఏ పౌరుణ్నీ అంగళ్లలోకి, హోటళ్లలోకి రాకుండా ఆపకూడదనీ, బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు వాడుకోకుండా అడ్డుకోకూడదనీ రాసింది. ఆ వాక్యం ఊరికే రాలేదు. 1927 మార్చి 20న మహాడ్‌లో అంబేద్కర్ వేలమందిని వెంటబెట్టుకుని చౌదార్ చెరువు దగ్గరికి నడిచాడు. ఆ చెరువులో గొడ్లు తాగేవి, కుక్కలు తాగేవి, అంటరానివాళ్లని పేరు పెట్టిన మనుషులు మాత్రం తాగకూడదు. కుక్కకున్న చోటు మనిషికి లేకుండా చేసిన దేశం మనది. మన ప్రాంతంలోనూ టీ అంగళ్లలో వేరు గ్లాసులు పెట్టిన కాలాన్ని కళ్లారా చూసిన పెద్దవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అందుకే కుక్కకు చోటు అడగబోయే ముందు మేము ఒక నియమం పెట్టుకున్నాం. ఏ మనిషినైనా కులం చూసి గుమ్మం బయట నిలబెట్టే అంగడి ఉంటే, అక్కడ కుక్కల కోసం మేము నోరు తెరవం. ముందు ఆ మనిషి కోసం తెరుస్తాం.

ఇదే కొలత కుక్కల మధ్య కూడా వర్తించాలి. పెద్దింటి కుక్క బల్ల కింద పడుకుంటే ఎవరూ అదిలించరు. అదే రకం కుక్క కాలనీ నుంచి వస్తే రాయి అందుకుంటారు. జాగిలాన్ని కారులోంచి దించితే పిల్లలకు చూపించి మురుస్తారు, నాటుకుక్కను తరుముతారు. యజమాని పరపతి చూసి కుక్కకు మర్యాద చేసే పద్ధతి మాకు వద్దు. టీకా పడిందా, పట్టీ ఉందా, పట్టుకున్న మనిషి చెబితే వింటుందా అన్నవే చూడాలి. 2024 మార్చిలో కేంద్రం 23 జాతుల కుక్కలు ప్రమాదకరమని వాటి అమ్మకాన్నీ పెంపకాన్నీ ఆపమని రాష్ట్రాలకు ఉత్తరం పంపింది. సంబంధించిన వాళ్లతో మాట్లాడకుండా చేశారని ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దాన్ని కొట్టేసింది. జాతి పేరుతో గీత గీస్తే నిలవదని మేమూ అనుకుంటున్నాం. కొల్లేటి దగ్గర బాతులను కాచే జోనంగి గానీ, మన కొండవాలు మందల వెంట తిరిగే పేరులేని కుక్క గానీ పెంపకాన్ని బట్టే మంచిదో చెడ్డదో అవుతుంది.

ఇక పద్ధతి. ప్రతి అంగడి ముందు ఒక పలక వేలాడాలి. రాసుకునే పలకలకు దేశమంతా పేరు మోసింది మన మార్కాపురమే. నోటుపుస్తకాలు వచ్చాక పిల్లల చేతుల్లో పలకలు తగ్గాయి గానీ, మన అంగడి గుమ్మానికి ఆ పలక ఇంకా పనికొస్తుంది. దాని మీద యజమాని సుద్దతో మూడు మాటల్లో ఒకటి రాయాలి: “కుక్క రావచ్చు”, “బయట కట్టండి”, “కుక్క రాకూడదు”. ఏ మాట రాసినా అది ఆ అంగడి నడిపే మనిషి ఇష్టం. ఎందుకు రాశావని మేము అడగం. చెప్పుల అంగడి, సైకిల్ షాపు, ఎరువుల కొట్టు రావచ్చు అనవచ్చు. మిఠాయి అంగడి వద్దనవచ్చు. ఈ సంగతి గుమ్మం దగ్గరే తెలిస్తే, లోపలికి పోయాక మాటా మాటా పెరిగే పని ఉండదు.

మూడింటిలో మధ్య మాటనే మేము ఎక్కువగా ఆశిస్తున్నాం. బయట కట్టండి అన్నచోట గోడకు ఒక రింగు, తలమీద కాస్త నీడ, ఒక నీళ్ల తొట్టి ఉండాలి. మన ఎండలు ఎలాంటివో ఇక్కడ పుట్టినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం సిమెంటు రోడ్డు మీద అరచెయ్యి ఆన్చి చూడండి, పట్టుమని కాసేపు ఉంచలేరు. ఆ రోడ్డు మీద కుక్కను కట్టేసి లోపల బేరమాడుతూ కూర్చోవడం హింస. హైదరాబాద్ కొండాపూర్‌లో 2018లో కుక్కలకోసమని 1.3 ఎకరాల పార్కు తెరిచారు. మనకు అంత అక్కర్లేదు. ఒక వేపచెట్టు నీడ, ఒక తొట్టి, రెండు రింగులు చాలు. ఆ ఖర్చు అంగడివాళ్ల మీద వెయ్యం, కుక్కలు పెంచే మేమే పెట్టుకుంటాం.

కొన్ని చోట్లకు కుక్క రాకూడదు, దీని మీద బేరం లేదు. వంట చేసే చోటు, మాంసం కోసే చోటు, ఆసుపత్రి వార్డు, అంగన్‌వాడీ, బడి తరగతి గది. గుడి, మసీదు, చర్చి సంగతి ఆయా పెద్దల మాటే చెల్లుతుంది. మడి కట్టుకుని గుడికి పోయే అవ్వ ఉంటుంది. ఒజూ చేసుకుని నమాజుకు పోయే పెద్దాయన బట్టలకు కుక్క మూతి తగిలితే మళ్లీ కడుక్కోవాల్సి వస్తుంది. కుక్కను ప్రేమించేవాడు వాళ్ల ఇబ్బందిని చులకన చేస్తే కుక్కకే శత్రువులను పెంచుతాడు. భయపడేవాళ్ల మాట కూడా అంతే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కలు మీదపడి నాలుగేళ్ల బాలుడు చనిపోయాడు. ఆ వీడియో చూసిన తల్లి తన బిడ్డను కుక్కకు దూరంగా లాక్కుంటే ఆమెకు “మా కుక్క ఏమీ అనదమ్మా” అని చెప్పడం మర్యాద కాదు. ఆగి, తాడు దగ్గరికి లాగి, ఆమెను ముందు పోనివ్వాలి. మా సభ్యులకు ఇది మొదటి పాఠం.

ఏ పలకా ఆపకూడని కుక్కలు కూడా ఉన్నాయి. చూపులేనివాళ్లకు దారి చూపడానికి కుక్కలకు తర్ఫీదు ఇచ్చే బడి 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో మొదలైంది, మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోయిన సైనికుల కోసం. అమెరికాలో 1990లో వచ్చిన వికలాంగుల చట్టం కింద అలాంటి కుక్కను అంగళ్లు, హోటళ్లు లోపలికి రానివ్వాల్సిందే. సిబ్బంది రెండే ప్రశ్నలు అడగవచ్చు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఇది ఏ పని నేర్చుకుంది. మన పిల్లలు అక్కడ ఉంటున్నారు, ఈ సంగతి వాళ్లకు తెలుసు. మన ప్రాంతంలో అలాంటి కుక్క ఇంకా అరుదే. అయినా రేపు ఒక్కటే వచ్చినా, ఆ కళ్లు లేని మనిషి కంభం బజారులో ఎవరినీ బతిమాలుకునే గతి పట్టకూడదు. మనిషి హక్కుతో వచ్చిన మనిషిని ఆయన కళ్లతో సహా లోపలికి రానివ్వాలి.

మందకుక్క సంగతి వేరు. గొర్రెలు, మేకలు తోలుకుపోయేవాళ్లు రోడ్డు దాటుతూ టీ కోసం ఆగితే కుక్క మంద చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. అది పనిలో ఉంది. దాన్ని కట్టెయ్యమనడం, తరమడం తగదు. అయితే గొర్రెలు కాచే అన్నలకు ఒక మాట చెప్పాలి. గొర్రె తల ఒక పక్కకు వాల్చి గుండ్రంగా తిరిగి తిరిగి పడిపోయే జబ్బు మీరందరూ చూసిందే. దాని పురుగు పెద్దదయ్యేది కుక్క పేగులో. చచ్చిన గొర్రె తలకాయ కుక్కకు వేస్తే, ఆ కుక్క దొడ్డికి పోయిన గడ్డి మేసిన గొర్రెకు మళ్లీ అదే వస్తుంది. కుక్కకు మూడు నెలలకోసారి నట్టల మందు పట్టించండి, చచ్చిన గొర్రె తలను పూడ్చండి. కుక్క బాగుంటే మంద బాగుంటుంది.

అన్నిటికంటే పెద్ద సంగతి రేబిస్. ఎక్కువ మాటలు దీనికే ఖర్చు పెడతాం, ఎందుకంటే ప్రాణాలు పోయేది ఇక్కడే. ప్రపంచంలో రేబిస్‌తో చనిపోయేవాళ్లలో 36 శాతం మంది మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. లక్షణాలు బయటపడ్డాక బతికించే మందు లేదు. బయటపడక ముందు మాత్రం దాదాపు పూర్తిగా ఆపగలిగిన జబ్బు ఇది. కరిచిన వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు గాయం కడగాలి. కారం అద్దడం, సున్నం పూయడం, పసరు కట్టడం వద్దు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ఆ రోజే పోవాలి. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు అన్న భయంతో ఇప్పటికీ కొందరు పెద్దలు దాక్కుంటారు. గొర్రె మెదడు నుంచి చేసిన ఆ పాత టీకాను మన దేశంలో ఆపేసి ఇరవయ్యేళ్లు దాటింది. ఇప్పుడు చేతికి వేస్తారు. కరిచిన రోజు, మూడో రోజు, ఏడో రోజు, 28వ రోజు. చర్మం చీలి నెత్తురు వస్తే గాయం చుట్టూ వేసే ఇంకో మందు కూడా కావాలి, అది లేని చోట పెద్దాసుపత్రికి పంపమని గట్టిగా అడగాలి. మనిషికి వేసే రేబిస్ టీకా మన హైదరాబాద్‌లోనూ తయారవుతుంది, ఇండియన్ ఇమ్యునలాజికల్స్‌లో. పక్క రాష్ట్ర రాజధానిలో తయారయ్యే మందు చేతికందక మన పిల్లవాడు పోతే అది మనందరి తప్పు.

మనిషికి వేసే టీకా ఆపద వచ్చాక వేసేది. ఆపదే రాకుండా చేసేది కుక్కకు వేసే టీకా. ఊళ్లోని కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే రేబిస్ ఆ ఊళ్లో నిలవలేదని శాస్త్రం చెబుతోంది. ఈ లెక్కను బాగా ఆలోచించండి. నా కుక్కకు ఒక్కదానికి టీకా వేయించుకుని నేను నిశ్చింతగా ఉండలేను. పక్కింటి కుక్కకూ పడాలి, ఎవరిదీ కానిదానికీ పడాలి. అందుకే మా ఉద్యమం పెంపుడు కుక్కలకే పరిమితం కాలేదు. కుక్కను పెంచే ప్రతి సభ్యుడూ తన కుక్కతోపాటు తన వీధిలో ఎవరూ పట్టించుకోని ఒక కుక్కకైనా టీకా వేయిస్తాడు. ఏటా జులై 6న పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా టీకా వేస్తారు. 1885లో అదే రోజున పారిస్‌లో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన తొమ్మిదేళ్ల పిల్లవాడికి మొదటిసారి టీకా వేయించాడు. ఆ పిల్లవాడు బతికాడు. టీకా వేయించుకున్న కుక్క మెడకు రంగు పట్టీ కడతాం, ఏడాదికో రంగు. దూరం నుంచే అంగడి యజమానికి తెలియాలి. పట్టీ రంగు పాతదైతే “రావచ్చు” అని రాసిన అంగట్లోకి కూడా ఆ కుక్క పోకూడదు.

చట్టం ఎక్కడుందో కూడా చెప్పుకోవాలి. 2025 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని మార్చి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా అయ్యాక పట్టిన చోటే వదలమంది, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప. నవంబర్ 7న బడులు, ఆసుపత్రులు, ఆటస్థలాలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలోకి వీధికుక్కలు రాకుండా చూడమనీ, అక్కడ పట్టినవాటిని తిరిగి అక్కడే వదలవద్దనీ ఆదేశించింది. ఈ మూడు ఆదేశాలూ వీధికుక్కల గురించి. మెడకు పట్టీ లేని మన ఇంటి కుక్క బస్టాండులో దొరికితే పట్టేవాడికి అది వీధికుక్కే. పెంపుడు కుక్క యజమాని సంగతి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్‌లో ఉంది. తన జంతువు వల్ల మనిషికి ప్రమాదం రాకుండా జాగ్రత్త పడకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసు దాకా పోయే పని మా సభ్యులు రానివ్వరు. కుక్క కరిస్తే యజమాని అక్కడే నిలబడాలి, గాయం కడగాలి, ఆసుపత్రికి తీసుకుపోవాలి, నాలుగు సూదులకూ వెంట పోవాలి, ఆ మనిషి పోగొట్టుకున్న కూలి కట్టివ్వాలి. పది రోజులు కుక్కను కట్టేసి చూడాలి, చంపకూడదు, పారిపోనివ్వకూడదు. పది రోజులు అది మామూలుగా ఉంటే కరిచిననాడు దానికి రేబిస్ లేనట్టే.

ప్రయాణం గురించి ఒక్కమాట. రైల్లో కుక్కను తీసుకుపోవాలంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనదే కావాలి, లేదంటే అది లగేజీ పెట్టెలోని డబ్బాలో పోవాలి. కంభం స్టేషన్‌లో, గిద్దలూరు స్టేషన్‌లో రైలెక్కే మామూలు మనిషికి మొదటిది అందదు, రెండోది కుక్కకు నరకం. జర్మనీలో టికెట్టు తీసుకున్న కుక్క మామూలు పెట్టెలోనే యజమాని కాళ్ల దగ్గర కూర్చుంటుంది, వియన్నా బస్సుల్లో మూతికి బుట్ట కట్టాలి. టికెట్టు, టీకా కాగితం, మూతిబుట్ట ఉంటే జనం తక్కువగా ఉన్న బస్సులో వెనక సీటు దగ్గర చోటివ్వమని ఆర్టీసీని కోరుతున్నాం. పశువైద్యశాలకు పోయే జబ్బు కుక్కకైనా ముందు ఇవ్వండి.

అడవిలోకి మాత్రం ఏ కుక్కా వద్దు. మన వెనకున్నది పులుల అభయారణ్యం. 2018లో గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే 23 సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నిటిలో దొరికిన వైరస్ కుక్కల్లో వచ్చే డిస్టెంపర్‌ది. శ్రీశైలానికి అడవి దారిన నడిచిపోయే భక్తులు కుక్క వెంట వస్తుంటే పుణ్యమని మురవకుండా వెనక్కి పంపండి. రాత్రి ఊరి చివర వదిలేసిన కుక్క చిరుతను ఊళ్లోకి పిలుస్తుంది. ఇది కూడా పెంచేవాళ్ల పూచీయే.

మాంసం అంగళ్ల సోదరులకు మా విన్నపం: పేగులు, ఈకలు రోడ్డు పక్కన పారవేస్తే ఆ తిండికోసం కుక్కలు గుంపు కడతాయి, గుంపులో ఉన్న కుక్క బుద్ధి వేరు. దానికి మీరు గుంత తవ్వితే పూడ్చే పనికి మా మనుషులు వస్తారు.

పంచాయతీలను మేము కోరేది గ్రామసభలో తీర్మానం. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. రోడ్లు, కాలువలు, కుళాయిల పక్కన కుక్కల మాట కూడా అలాంటి సభల్లో రావాలి. ఊళ్లో ఎవరి కుక్క ఏదో రాసిన ఒక పుస్తకం పంచాయతీ ఆఫీసులో ఉండాలి. టీకా తేదీ, యజమాని ఇల్లు అందులో ఉండాలి. పుస్తకంలో లేని కుక్కలకు ఆపరేషన్, టీకా చేయించే పూచీ పంచాయతీది. ఒక్క పంచాయతీకి వైద్యుడు, వలలు, గది సమకూర్చుకునే స్తోమత ఉండదు, నాలుగైదు మండలాలకు కలిపి గిద్దలూరులోనో మార్కాపురంలోనో ఒక కేంద్రం పెట్టమని జిల్లా అధికారులను అడుగుతాం. అడిగి ఊరుకోం, వచ్చే ఏడాది అదే తేదీకి మళ్లీ వచ్చి ఏమైందని అడుగుతాం.

ఈ ఉద్యమంలో చందా లేదు, పదవులు లేవు. చేరదలచినవాళ్లు ముందు తమ కుక్కకు టీకా వేయించి, మెడకు పట్టీ కట్టి, దొడ్డికి పోతే ఎత్తడానికి ఒక కాగితం జేబులో పెట్టుకుని రండి. అంగడి ఉన్నవాళ్లు ఈ వారమే ఒక పలక కొని, మీ మనసులో ఉన్న మాట దాని మీద రాయండి. “రాకూడదు” అని రాసినా మీరు మాలో ఒకరే. కుక్క లేనివాళ్లు, కుక్కంటే గిట్టనివాళ్లు మొదటి సమావేశానికి తప్పకుండా రండి. ఆ రోజు ముందుగా మాట్లాడేది మీరే.